గంప ఖాళీ అయ్యేదాకా

మౌలాలి జమాలయ్య తాత దగ్గరికి చేరి చాలా ఏళ్లయింది. ఇంకా అతని చెవిలో మాట పడలేదు.

పులిగుట్ట కింద ఉన్న తాత తక్యా చిన్నది. ఒక పాత సమాధి, దాని పక్కన రెండు రేకుల కొట్టాలు, వెనక కూరగాయల మడి, బావి, ఒక పెద్ద బండ. ఫకీర్లూ శిష్యులూ కలిసి అక్కడ ఒక ఉమ్మడి సంసారంలా బతుకుతారు. పేరేదైనా, కులమేదైనా, వచ్చినవాడికి తాత ముందు ఒక పని ఇస్తాడు. వాడు ఆ పనిలో కుదురుకున్నాడని తోచిన రోజు దగ్గరికి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి ఒక మాట చెబుతాడు. ఆ మాట ఏమిటో విన్నవాడు బయటికి చెప్పడు. దాని కోసమే అందరూ ఇల్లూ వాకిలీ వదిలి అక్కడ పడి ఉండేది.

మౌలాలి తర్వాత వచ్చిన ఓబులేసుకు ఆ మాట దొరికింది. ఓబులేసు పనల్లా దారి పక్కన కుండల్లో నీళ్లు నింపడం. దారిన పోయేవాళ్లు తాగుతారు, అతను మళ్లీ నింపుతాడు. ఒక చలికాలం అలా నింపాడో లేదో, తాత పిలిచి చెవిలో చెప్పేశాడు.

ఆ సాయంత్రం మౌలాలి గరిటె కిందపెట్టకుండానే తాత ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నీళ్లు పోసేటోడికి మాట. పొయ్యి ముందర మాడేటోడికి పొగ. ఇదేం న్యాయం తాతా?"

తాత తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. చుట్టుకోవడం ఆపలేదు.

"గంప ఖాళీ అయ్యిందా?"

"యాడయితాది? నిన్ననే గదా సంత."

"అయితే పో. పొయ్యి మీద ఏందో అడుగంటుతాంది."

నిజంగానే అడుగంటుతోంది. మౌలాలి పరుగెత్తాడు.

ఈ గంప సంగతి చెప్పాలి.

తక్యా ముందు నుంచి పోయేది సంత దారి. శుక్రవారం సంతలో పొద్దుగూకేదాకా అమ్ముడుపోని కూరగాయలను ఇంటికి మోసుకుపోయే ఓపిక లేక, పారబోయడానికి మనసొప్పక, అమ్మేవాళ్లు తక్యా దగ్గర దించిపోతారు. వాడిన బెండకాయలు, ముదిరిన వంకాయలు, పక్కన దెబ్బతిన్న గుమ్మడికాయ, ఆకులు పండుబారిన తోటకూర. అవన్నీ వంటకొట్టం మూలన ఉన్న పెద్ద ఈతగంపలో పడతాయి. పూట వంటలో మిగిలిన ముక్కలూ అందులోకే. తాత పెట్టిన కట్టుబాటు ఒక్కటే. గంపలో ఏమున్నా ముందు అది వండాలి. అది ఉండగా మడిలో కాయ తెంపకూడదు.

మౌలాలి వచ్చిన మొదటిరోజు తాత ఆ గంప చూపించాడు.

"ఇది ఖాళీ అయిన రోజు నా దగ్గరికి రా. చెప్తా."

ఇంతేనా అనుకున్నాడు మౌలాలి. వారం తిరక్కుండా ఖాళీ చేసేస్తాననుకున్నాడు.

అతనిది దూదేకుల ఇల్లు. తండ్రి విల్లు మోసుకుని ఊరూరూ తిరిగి, ఇంటింటి ముందూ కూర్చుని పాత పరుపుల దూది ఏకేవాడు. మౌలాలీ అదే నేర్చాడు. అంగట్లో కుట్టిన పరుపులు వచ్చాక విల్లు అటక ఎక్కింది. ఆ తర్వాత కూలికి పోయాడు. పెళ్లివంటల వాళ్ల వెనక గిన్నెలు మోశాడు. ఎక్కడా నిలవలేదు. కూర్చున్నా, నిలబడినా, కుడిచెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు. లేని విల్లు నారిని కొడుతున్నట్టు మోకాలి మీద టకటకా కొట్టుకుంటూనే ఉండేది.

పెళ్లివంటల దగ్గరే అతని కడుపు మండింది. పందిరి ముందు అత్తరు చల్లుతుంటే, పందిరి వెనక అన్నమూ కూరలూ గంపలకొద్దీ పారబోసేవాళ్లు. ఆ కుప్ప చుట్టూ కుక్కలుండేవి. కుక్కల వెనక, చీకటి పడేదాకా ఆగి, మనుషులుండేవాళ్లు. అది కళ్లతో చూసినవాడికి మెతుకు పారేసే చెయ్యి కనిపిస్తే విరిచెయ్యాలనిపిస్తుంది. మౌలాలికీ అనిపించేది. ఆ కోపంతోనే తక్యాకు వచ్చాడు. ఆ కోపంలో తప్పేమీ లేదు. తప్పు తర్వాత వచ్చింది.

మొదటిరోజు అతను గంపలో ఉన్నదంతా తరిగి ఒకే డేగిసాలో పడేశాడు. గుమ్మడికాయ తీపి, కాకరకాయ చేదు, ముల్లంగి ఘాటు అన్నీ కలిసి ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. పంక్తిలో కూర్చున్నవాళ్లు నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక తాత వైపు చూశారు. తాత గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "రేపట్నుంచి కాకరకాయను వేరే పెట్టు నాయనా" అని లేచిపోయాడు. మిగిలిందంతా బర్రె తొట్లోకి పోయింది.

అంట్లు తోమే పీరమ్మవ్వ తొట్టి వైపు చూసి అంది, "సూడు మౌలాలీ, బర్రె గూడా మూతి తిప్పుకుంటాంది. నువ్వు మళ్లీ దూదే ఏకుకో నాయనా."

మౌలాలికి రోషం వచ్చింది. ఆ రోషమే అతనికి వంట నేర్పింది.

శుక్రవారం రాగానే గంపను బోర్లించి పట్టా మీద పరిచేవాడు. రేపటికి ఆగనివి ఒకవైపు, నాలుగు రోజులు ఆగేవి ఒకవైపు. కుళ్లినంత మేర కోసి పారేసి, మిగతాది ఏరుకునేవాడు. గట్టివి ముందు పొయ్యెక్కాలి, మెత్తనివి చివర పడాలి. ముదిరిన వంకాయ కూరకు పనికిరాదు గానీ నిప్పుల్లో కాలిస్తే పచ్చడికి లేత వంకాయ దాని ముందు నిలబడదు. బీరకాయ చెక్కు వేయించి నూరితే ఇంకో పచ్చడి. ముల్లంగి ఆకు పప్పులోకి. కొత్తిమీర కాడలు చారులోకి. వడలిన ఆకుకూరలన్నీ పుల్లగూర. ఏ జట్టులోనూ చేరని ముక్కలు మిగిలితే అన్నీ కలిపి, నాలుగు గోంగూర ఆకులు వేసి, వేయించిన శనక్కాయ గింజల పొడి చల్లి దించేవాడు.

ఆ చివరిదానికే పేరొచ్చింది. గంపకూర అన్నారు దాన్ని.

ఒక గురువారం సమాధికి మొక్కుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు కేశన్న సంగటిలో ఆ కూర నంజుకుని, వేళ్లు నాక్కుని, "ఎవురప్పా దీన్ని చేసింది? నా పెండ్లిలో గూడా ఇట్లాంటిది తినలా" అన్నాడు. పక్కనున్నవాడు, "నీ పెండ్లిలో నీకు తిండి యాడ పెట్టినారు, నువ్వు చెప్పులు వెతుక్కుంటాంటివి" అన్నాడు. పంక్తంతా నవ్వింది. మౌలాలి మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ రోజంతా అతని చెయ్యి మోకాలి మీద కొట్టుకోలేదు.

తర్వాతి గురువారం కేశన్న ఇంకో ముగ్గుర్ని వెంటేసుకొచ్చాడు. ఆ పై వారం పంక్తి కొట్టం దాటి బయటికి పాకింది. సమాధి దగ్గరికి పోకుండా నేరుగా విస్తరి ముందుకు వచ్చేవాళ్లూ తయారయ్యారు. ఊళ్లో ఇల్లాళ్లు కూడా మిగిలిన ముక్కలతో గంపకూర చేయడం మొదలుపెట్టారు. అది మంచిదే. ఎన్ని ఇళ్లలో ఎన్ని బీరకాయ చెక్కులు పెంటకుప్ప దారి పట్టకుండా ఆగాయో. దాని పుణ్యం మౌలాలిదే, కాదనడానికి లేదు.

కానీ అతను వడ్డించేటప్పుడు విస్తరి వైపు చూడటం మానేశాడు. తినేవాడి మొహం వైపు చూస్తున్నాడు. తినేవాడు ముద్ద నోట్లో పెట్టుకుని ఏమంటాడా అని గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడుతున్నాడు. వంట చేసేవాడు చెడిపోయేది సరిగ్గా ఇక్కడే. ఉప్పు ఎక్కువై చెడిపోయిన కూరను బాగు చేయొచ్చు. దీన్ని బాగు చేయడం కష్టం.

ఎండాకాలం వచ్చింది. బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. ఊళ్లలో తోటలు ఎండాయి. సంతకు సరుకు తగ్గింది, వచ్చింది వచ్చినట్టే అమ్ముడుపోతోంది. తక్యా ముందు దించేవాళ్లు లేరు. గంప రోజురోజుకీ తేలికవుతోంది.

సంతోషించాల్సిన మౌలాలికి కంగారు పుట్టింది.

గురువారానికి జనం వస్తారు. గంపకూర ఏదంటారు. ఏం పెట్టాలి?

ఆ శుక్రవారం దారికెదురు వెళ్లి నిలబడ్డాడు. బెండకాయలూ వంకాయలూ అమ్మే సుంకమ్మ ఖాళీ గంపను తలకిందులుగా నెత్తిన పెట్టుకుని, వక్కాకు నములుతూ వస్తోంది. ఆమె ఏళ్లుగా మిగిలిన సరుకు తక్యా దగ్గర దించే మనిషి.

"అక్కా, ఏమీ మిగల్లేదా?"

"ఒక్క కాయ గూడా లేదబ్బీ. మధ్యాన్నానికే ఊడ్చుకపోయినారు."

"వచ్చే వారం కొంచెం మిగల్చక్కా. గురువారానికి కావాల."

సుంకమ్మ నడక ఆపింది. నోట్లో వక్కాకు ఊసి అతని మొహంలోకి చూసింది.

"అంటే? నా సరుకు అమ్ముడుపోకూడదని నువ్వు దువా చేస్తాండావా?"

"అట్లా కాదక్కా..."

"ఎట్లాగబ్బీ మరి? మిగిలితే నేను ఏడ్సుకుంటా ఇచ్చేదాన్ని. నీకు పుణ్యం కావాలని నేను మళ్లీ ఏడ్సల్లా?"

ఆమె వెళ్లిపోయింది. మౌలాలి అక్కడే నిలబడ్డాడు. చెయ్యి తొడ మీద టకటకా కొట్టుకోవడం మొదలైంది.

ఆమె మాట తగలలేదని కాదు. తగిలింది. కానీ పేరు తలకెక్కినవాడికి దెబ్బ తగిలితే దారి మానుకోడు, పక్కదారి వెతుక్కుంటాడు.

పక్కదారి వెనకే ఉంది. కూరగాయల మడి.

బావి ఇంకిపోతున్నా పీరమ్మవ్వ పొద్దున్నే కుండతో చేదుకుని, ఒక్కో చెట్టు మొదట్లో చెంబుడు చెంబుడు పోసి, ఆ మడిని బతికిస్తోంది. నాలుగు సాళ్ల వంకాయ, రెండు సాళ్ల బెండ, కంపకు పాకిన బీర. గంప ఖాళీ అయిన రోజు తెంపుకోవడానికి ఉంచినవి అవి.

గంపలో ఇంకా నాలుగు వాడిన ముక్కలున్నాయి. కట్టుబాటు మౌలాలికి తెలుసు. తెలిసే వెళ్లాడు. లేత వంకాయలు తెంపాడు. బెండకాయలు తెంపాడు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. లేతవి వేసి చూస్తే గంపకూర రుచి రాలేదు. కాస్త వడలిన కాయకే ఆ రుచి. అదీగాక మిగిలిన కూరగాయలతో చేసిందని చెప్పుకునే కూరలో నిగనిగలాడే వంకాయ కనిపిస్తే ఎవడైనా అడుగుతాడు.

అందుకని వాటిని బండ మీద ఎండలో పరిచాడు. పూటంతా ఎండితే వాడిపోతాయి. వాడినవాటిని గంపలో వేస్తే గంపలోవే అయిపోతాయి.

పారేసేవాణ్ణి చూస్తే చెయ్యి విరిచెయ్యాలనుకున్న మనిషి, బతికున్న కాయను చంపి, చచ్చినదాన్ని బతికించానని చెప్పుకోవడానికి బండెక్కాడు.

పీరమ్మవ్వ కుండ దించి చూసింది.

"ఏంది మౌలాలీ అది?"

"కొంచెం ఆరబెడతాండా అవ్వా."

"నేను నీళ్లు మోసేది, నువ్వు ఎండబెట్టేది. బాగుంది మన సంసారం."

ఆమె ఇంకో చేద తోడటానికి వెళ్లింది. తాడు చాలక వంగి వంగి తోడుతోంది.

రెండు గురువారాలు అలా గడిచాయి. ఎవరూ కనిపెట్టలేదు. కేశన్న మెచ్చుకున్నాడు. గంప ఖాళీ కాలేదు కాబట్టి మౌలాలి తాత దగ్గరికి వెళ్లే పనే రాలేదు. వెళ్లాలని కూడా గుర్తు రాలేదు. పడుకుంటే మాత్రం నిద్ర లేదు. లేచి కూర్చుంటే కుడిచెయ్యి మోకాలిని వాయించేది.

మూడో బుధవారం మిట్టమధ్యాహ్నం. మౌలాలి ఒక తట్టెడు వంకాయలూ బెండకాయలూ బీరకాయలూ బండ మీద పరిచి, ఇంకో తట్ట తేవడానికి మడిలోకి పోయాడు. తిరిగి వచ్చేసరికి బండ మీద తాత కూర్చుని ఉన్నాడు.

తలపాగా తీసి పక్కన పెట్టాడు. వంకాయలను కొంచెం అటూ ఇటూ జరిపి, వాటి మధ్య చోటు చేసుకుని, బోడితలతో, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదే ఉంది.

మౌలాలి తట్ట దించేశాడు.

"తాతా, ఏంది ఇది? బండ కాల్తాంది."

"కాలనీ."

"ఎండదెబ్బ తగుల్తాది. లెయ్, నీడకు పోదాం."

"వంకాయలు వస్తాయా నీడకు?"

మౌలాలి నేల చూస్తూ అన్నాడు, "అవి వాడాల తాతా. రేపటి గంపకు."

"నేనూ దానికే కూచున్యా. వాడినోళ్లకే గదా నీ గంపలో చోటు."

తాత నవ్వలేదు. కోపంగానూ లేడు. మెడ మీద నుంచి చెమట దారకట్టి చొక్కాలోకి దిగుతోంది. కొట్టం నీడలో నుంచి పీరమ్మవ్వ చూస్తోంది. దారి పక్క కుండ దగ్గర ఓబులేసు చెంబు పట్టుకుని నిలబడిపోయాడు.

"తాతా, లెయ్."

"ఇంకా వాడలేదు."

మౌలాలి బండెక్కాడు. ఒక వంకాయ తీశాడు. తొడిమ మీద ముళ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాయ వెచ్చగా, చేతిలో ఏదో ప్రాణి ఉన్నట్టుగా ఉంది. తట్టలో వేశాడు. ఇంకొకటి తీశాడు. అరికాళ్లు కాలుతుంటే కాలు మార్చి కాలు వేస్తూ, ఒక్కొక్కటే ఏరాడు. గబగబా ఏరాలని చూశాడు గానీ కాయలు దొర్లిపోయాయి. దొర్లినవాటి వెంట పాకాడు. తాత కదలకుండా కూర్చుని, అతను ఎటు పాకితే అటు చూస్తున్నాడు.

బండ మీద ఏమీ లేదనిపించాక మౌలాలి నడుం ఎత్తాడు.

"నా కాలి కింద బెండకాయ ఉండాది" అన్నాడు తాత.

మౌలాలి వంగి ఆ బెండకాయ తీసుకున్నాడు. అప్పుడు తాత లేచి, వెనక దులుపుకుని, తలపాగా చుట్టుకుని, ఓబులేసు దగ్గరికి వెళ్లి రెండు చెంబుల నీళ్లు తాగాడు.

ఆ సాయంత్రం మౌలాలి గంపలో ఉన్న వాడిన ముక్కలన్నీ ముందు తరిగాడు. తర్వాత బండ మీది కాయలు. సగం వాడినవి, ఇంకా వాడనివి, అన్నీ వండాడు. తక్యాలో ఉన్నవాళ్లంతా కడుపునిండా తిన్నారు. దారిన పోయే గొర్రెలకాపరులను కూడా ఓబులేసు పిలుచుకొచ్చాడు. పీరమ్మవ్వ రెండోసారి వడ్డించుకుని, "నా నీళ్లు నాకు దక్కినాయి" అంది.

మౌలాలి తినలేదు. గరిటె కడిగి తాత దగ్గరికి వెళ్లాడు.

"రేపు జనం వస్తారు తాతా. ఏం పెట్టాల?"

"ఉండేది."

"గంపకూర అడుగుతారు."

తాత కళ్లు మూసుకున్నాడు.

పొద్దున లేచి మౌలాలి దుప్పటి మడిచి మూట కట్టాడు. మళ్లీ విప్పాడు. జనం రాకముందే పోవాలనుకున్నాడు. ఎక్కడికి పోతాడు? అతని విల్లు ఏ ఊళ్లో ఎవరు వింటారు? మూట మళ్లీ కట్టాడు. అంతలో పొయ్యి రాజేయాల్సిన వేళయింది. మూట అక్కడే వదిలి పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

ఆ రోజు రాగిసంగటి కెలికాడు. శనక్కాయ గింజలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఊరిబిండి నూరాడు. మజ్జిగలో నీళ్లు కలిపి ఉప్పు వేశాడు. అంతే.

జనం వచ్చారు. విస్తళ్లు పరిచారు. సంగటి ముద్దలు పడ్డాయి, ఊరిబిండి పడింది. ఎవరూ ముద్ద విరవలేదు. కూర కోసం చూస్తున్నారు.

"గంపకూర యాడప్పా?" అన్నాడు కేశన్న. "ఇంతదూరం లారీ తిప్పుకొచ్చింది ఊరిబిండికా? అది నా పెండ్లామే చేస్తాది, తిట్లు గూడా కలిపి."

నవ్వులు లేచాయి. మౌలాలి లోపలికి వెళ్లాడు. గంపను రెండు చేతులా ఎత్తుకొచ్చి, పంక్తి మధ్యలో నిలబడి, అందరి ముందూ బోర్లించాడు.

ఒక ఎండిన వెల్లుల్లి పొట్టు గాల్లో తిరుగుతూ కింద పడింది.

"ఇవాళ ఏమీ మిగల్లేదు" అన్నాడు. "పోయిన రెండు వారాలు గూడా ఏమీ మిగల్లేదు. నేనే లేత కాయల్ని ఎండబెట్టి గంపలో ఏసినా. మీరు తిన్నది గంపకూర కాదు."

పంక్తిలో ఒకరిద్దరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కేశన్న తల గోక్కున్నాడు. ఇద్దరు విస్తరి ముందు నుంచి లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

పంక్తి చివర కూర్చున్న సుంకమ్మ అంది, "నా గంపా అట్లే ఉంది ఇంట్లో. బోర్లబడి. ఈ యేడు పిల్లోళ్లకు బట్టలు తీస్తా." సంగటి విరిచి ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. "కారం కొంచెం తగ్గియ్యల్ల అబ్బీ, చెవుల్లో పొగ వస్తాంది."

"నాకు సరిపోయింది" అన్నాడు కేశన్న, నోరు ఊదుకుంటూ. "తిట్లు లేకుండా తింటాంటే అదో రకంగా ఉంది."

తిన్నారు. ఆకలి వేసినవాడికి కూర పేరుతో పని లేదు. మౌలాలి మళ్లీ మళ్లీ వడ్డించాడు. ఎవరి విస్తరిలో ముద్ద తరిగిందో అటు నడిచాడు. ఎవరి మొహమూ చూడలేదు. చూసే ధైర్యం లేక మొదలుపెట్టాడు. పంక్తి చివరికి వచ్చేసరికి చూడాలని గుర్తు లేదు.

పొద్దు వాలింది. జనం పోయారు. మౌలాలి ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చున్నాడు. గంప ఇంకా బోర్లించినట్టే పడి ఉంది. దాన్ని చూస్తున్నాడు గానీ అతనికి ఏమీ తట్టలేదు. ఇన్నేళ్లుగా దేని కోసం కాచుకున్నాడో అదే ఎదురుగా పడి ఉందని కూడా తట్టలేదు. మూట తీసుకోవాలా, పడుకోవాలా అని మాత్రం ఆలోచిస్తున్నాడు.

తాత వచ్చాడు. వంగి గంపను తిప్పి నిలబెట్టాడు. లోపలికి తొంగి చూశాడు. తర్వాత మౌలాలి పక్కన గొంతుక్కూర్చుని, అతని తలను దగ్గరికి లాక్కుని, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"రేపు సంత. గంప తుడిచి పెట్టు."

అంతే చెప్పి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, వెళ్లిపోయాడు.

మౌలాలి లేచాడు. తడిగుడ్డ తెచ్చి గంపను తుడవడం మొదలుపెట్టాడు. ఈత బరికెల సందుల్లో ఎప్పటెప్పటి గింజలో ఎండి అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటీ గోటితో తీశాడు.

నీళ్ల కుండలు నింపుకుని వస్తూ ఓబులేసు గుమ్మం దగ్గర ఆగాడు.

"మాట పడిందా అన్నా?"

మౌలాలి తలెత్తాడు. చెప్పబోయి ఆగాడు. మళ్లీ గంప వైపు వంగి తుడుస్తున్నాడు. ఓబులేసు గంప మీద నిదానంగా ఆడుతున్న అతని కుడిచేతి వైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, కుండలెత్తుకుని వెళ్లిపోయాడు.